ఫిట్‌నెస్ యాప్ రాస్తున్నారా? స్క్రీన్ల కంటే ముందు డేటా సంగతి తేల్చుకోండి

పొద్దున్నే నల్లగొండ మేకల అభినవ్ స్టేడియంలోనో, మహబూబ్‌నగర్ స్టేడియం గ్రౌండ్‌లోనో చూస్తే ఒకే ట్రాక్ మీద రకరకాల మనుషులు కనిపిస్తారు. షుగర్ వచ్చిందని నడిచే పెద్దవాళ్లు, జిమ్‌కి ముందు ఒళ్లు వేడెక్కించుకునే కుర్రాళ్లు, కానిస్టేబుల్ ఈవెంట్స్ కోసం చెమటోడ్చే పిల్లలు. వీళ్లందరికీ పనికొచ్చే యాప్ ఒకటి చేద్దామని మన దగ్గర బీటెక్, ఎంసీఏ చదివేవాళ్లు చాలామంది ప్రాజెక్టుగా ఎత్తుకుంటారు. మంచి ఆలోచనే. కానీ ఎక్కువమంది స్క్రీన్లతో మొదలుపెట్టి, డేటాను ఏ ఆకారంలో దాచాలన్నది చివరికి వదిలేస్తారు. రంగులు, బటన్లు రేపైనా మార్చుకోవచ్చు. ఆరు నెలల రికార్డు పేరుకున్నాక దాని ఆకారం మార్చాలంటే మాత్రం చుక్కలు కనిపిస్తాయి.

అందుకే ఒక్కో చోట ఎదురయ్యే దారులను పక్కపక్కన పెట్టి, నేనైతే ఏది తీసుకుంటానో, ఎందుకో చెబుతాను. నా కొలబద్ద ఒకటే. మనిషి నిజంగా ఏం చేశాడు, ఎప్పుడు చేశాడు అన్నది చెరగకుండా ఉండాలి. దాని మీద మనం కట్టిన లెక్కలు ఎప్పుడు కావాలంటే అప్పుడు పారేసి మళ్లీ కట్టుకోగలగాలి. ఈ రెండూ కుదిరే పద్ధతి ఏదైనా మంచిదే.

ముందు ఒక ఉదయాన్ని కాగితం మీద పెట్టండి

కానిస్టేబుల్‌కి తయారయ్యే అబ్బాయిని తీసుకుందాం. తెలంగాణ 2022 నోటిఫికేషన్ ప్రకారం మగవాళ్లు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో పరుగెత్తాలి, లాంగ్‌జంప్ 4 మీటర్లు దూకాలి, 7.26 కిలోల షాట్ 6 మీటర్లు వేయాలి. ఆడపిల్లలకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో, లాంగ్‌జంప్ 2.5 మీటర్లు, 4 కిలోల షాట్ 4 మీటర్లు.

400 మీటర్ల ట్రాక్ మీద 1600 అంటే నాలుగు రౌండ్లు. 7 నిమిషాల 15 సెకన్లంటే 435 సెకన్లు, రౌండుకు సగటున 108.75. ఇప్పుడు ఒకడు మొదటి రౌండు 95లో, రెండోది 105లో, మూడోది 112లో, చివరిది 125లో కొట్టాడనుకోండి. మొత్తం 437. రెండు సెకన్లలో పోయింది. యాప్‌లో '7:17, ఫెయిల్' అని మాత్రమే దాస్తే వాడికి తెలిసేది ఓడిపోయానని మాత్రమే. నాలుగు రౌండ్లూ విడివిడిగా దాస్తే మొదటి రౌండులోనే దమ్మంతా ఖర్చు పెడుతున్నాడని కళ్లకు కడుతుంది. మరుసటి రోజు ఏం మార్చుకోవాలో కూడా అందులోనే ఉంది.

అదే ఉదయం వాడు లాంగ్‌జంప్ మూడుసార్లు దూకుతాడు, అందులో ఒకటి ఫౌల్. షాట్ నాలుగుసార్లు వేస్తాడు. యాభై బస్కీలు తీస్తాడు, ఒక నిమిషం ప్లాంక్ పడతాడు. సాయంత్రం జిమ్‌లో 60 కిలోలతో ఎనిమిది స్క్వాట్లు. ఇందులో ఏ రెండూ ఒకే తీరున కొలిచేవి కావు. పరుగుకు దూరం, సమయం. లాంగ్‌జంప్‌కు దూరం మాత్రమే. షాట్‌కు బరువు, దూరం. బస్కీలకు లెక్క. ప్లాంక్‌కు సమయం. అసలు డిజైన్ కష్టమంతా ఇక్కడే ఉంది కాబట్టి ఎక్కువ సేపు ఇక్కడే ఆగుదాం. అంతకు ముందు ఈ డేటా ఎక్కడ ఉండాలన్నది చప్పున తేల్చేద్దాం.

ఫైలా, ఫోన్‌లోని డేటాబేసా, క్లౌడా?

జేసన్ ఫైల్ (డేటాను పేర్లు, విలువలుగా రాసే మామూలు టెక్స్ట్ ఫైల్) మొదలుపెట్టడానికి తేలిక. కానీ ఒక్క సెట్, అంటే ఒక విడతలో చేసిన వ్యాయామం, కలిపినా మొత్తం ఫైల్ తిరిగి రాయాలి. రాస్తుండగా ఫోన్ ఆగిపోతే సగం ఫైలే మిగులుతుంది, దాన్ని తెరవలేరు. రెండు వారాల డెమోకి సరే, ఏడాది వాడుకకు వద్దు.

గూగుల్ ఫైర్‌స్టోర్ లాంటి క్లౌడ్‌లో రెండు ఫోన్ల మధ్య డేటా కలపడం వాళ్లే చూసుకుంటారు, సిగ్నల్ లేనప్పుడు ఫోన్‌లో దాచుకునే ఏర్పాటూ ఉంది. కానీ ఎన్ని డాక్యుమెంట్లు (అక్కడ ఒక్కో రికార్డును అలా అంటారు) చదివితే, రాస్తే అంత లెక్క పడుతుంది. ఒక్కో డాక్యుమెంటు ఒక ఎంబీ లోపే ఉండాలి. 'గత ఏడాదిలో నా స్క్వాట్ ఎలా పెరిగింది' లాంటి ప్రశ్నకు వందల డాక్యుమెంట్లు చదివించడం సొంత యాప్‌కి అనవసరపు ఖర్చు. పైగా ఒకరి బరువు, నిద్ర, గుండె వేగం వాళ్ల ఫోన్ దాటి వెళ్లాల్సిన అవసరమేముంది?

ఎస్‌క్యూలైట్ 2000లో రిచర్డ్ హిప్ మొదలుపెట్టిన చిన్న డేటాబేస్. ప్రతి ఆండ్రాయిడ్ ఫోన్‌లోనూ ముందే ఉంటుంది, పైసా ఖర్చు లేదు. ట్రాన్సాక్షన్ (రాస్తే పూర్తిగా రాయడం, లేదంటే అసలు రాయకపోవడం) ఉంటుంది కాబట్టి మధ్యలో ఫోన్ ఆగిపోయినా పాత డేటా చెక్కుచెదరదు. చైత్ర పౌర్ణమికి నల్లమలలో సలేశ్వరం నడిచేవాళ్లకు దారిలో సిగ్నల్ కోసం ఎదురుచూసే పని లేని యాప్ కావాలి. సొంతానికి వాడుకునే యాప్ అయితే నా ఓటు ఎస్‌క్యూలైట్‌కే. ఆండ్రాయిడ్‌లో రూమ్ లైబ్రరీ ద్వారా వాడితే రాసే పని కూడా తగ్గుతుంది. ఇక్కడి నుంచి చెప్పేదంతా దాన్ని మనసులో పెట్టుకునే.

రకరకాల వ్యాయామాలు: నాలుగు దారులు

మొదటిది, వ్యాయామానికో టేబుల్. పరుగుకొకటి, జంప్‌కొకటి, షాట్‌కొకటి, జిమ్‌కొకటి. ప్రతి టేబుల్‌లో తనకు కావాల్సిన కాలమ్‌లే ఉంటాయి, ఖాళీలుండవు, చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది. రేపు ఎవరో 'స్కిప్పింగ్ కలపండి' అంటే కొత్త టేబుల్, కొత్త క్వెరీ (డేటాబేస్‌ను అడిగే ప్రశ్న), యాప్‌కి కొత్త వెర్షన్. 'ఈ వారం నేను ఏమేం చేశాను' అన్న మామూలు ప్రశ్నకు అన్ని టేబుళ్లూ కలిపి చూపించాలి. పరుగు ఒక్కటే రికార్డు చేసే యాప్ అయితే ఈ దారి బ్రహ్మాండం. నాలుగు రకాలు దాటితే కష్టం.

రెండోది, ఒక్కో కొలతనూ ఒక్కో అడ్డవరుస (రో)గా దాచడం. సెట్ నంబరు, కొలత పేరు, విలువ: మూడే కాలమ్‌లు. ఎంత కొత్త వ్యాయామమైనా పట్టేస్తుంది కాబట్టి మొదట్లో చాలా ముచ్చటగా ఉంటుంది. తర్వాత విలువ కాలమ్‌లో అన్నీ అక్షరాలుగా చేరతాయి. పైన చెప్పిన నాలుగు రౌండ్లను అక్షరాలుగా దాచి, 'అన్నిటికన్నా తక్కువ సమయం ఏది' అని అడగండి. 95 రాదు, 105 వస్తుంది. అక్షరాల వరుసలో 1తో మొదలయ్యేది 9 కంటే ముందుంటుంది మరి. దీన్ని తప్పించడానికి ప్రతి క్వెరీలోనూ అంకెగా మార్చుకోవాలి. ఒక స్క్వాట్ సెట్ చూపించాలంటే బరువు రో, రెప్స్ (ఎన్నిసార్లు చేశారన్న లెక్క) రో రెండూ తెచ్చి జత చేయాలి. పెద్ద ఆస్పత్రి సాఫ్ట్‌వేర్‌లలో వేల రకాల పరీక్షలుంటాయి కాబట్టి అక్కడ దీనికి చోటుంది. మన యాప్‌కి ఇది తగదని గట్టిగా చెబుతాను.

మూడోది, సెట్ వివరాలన్నీ ఒక జేసన్ కాలమ్‌లో పెట్టేయడం. రాయడం తేలిక. ఎస్‌క్యూలైట్‌లో జేసన్ లోపల వెతికే ఫంక్షన్లు 2022లో వచ్చిన 3.38 వెర్షన్ నుంచి మామూలుగానే ఉంటున్నాయి. చిక్కేమిటంటే, ఫోన్‌లో ఉండే ఎస్‌క్యూలైట్ ఆ ఫోన్ ఆండ్రాయిడ్ వెర్షన్‌ని బట్టి ఉంటుంది. పాత ఫోన్లలో పాతదే. మన ఊళ్లలో అన్న వాడిన ఫోన్ తమ్ముడి చేతికి వస్తుంది, అక్కడి నుంచి అమ్మ చేతికి. ఆ ఫోన్లలో యాప్ ఆగిపోతే ఎవరి కోసం రాసినట్టు? మీ సొంత ఎస్‌క్యూలైట్‌ని యాప్‌తో పాటే పంపొచ్చు, యాప్ సైజు కొంచెం పెరుగుతుంది.

నాలుగోది, నేను ఎంచుకునేది. ఒకే సెట్ టేబుల్, అందులో కొలతకో కాలమ్: రెప్స్, బరువు, దూరం, సమయం. ఏ వ్యాయామానికి ఏది వర్తించదో అది ఖాళీ. 'సగం కాలమ్‌లు ఖాళీగా ఉంటాయి కదా' అని డేటాబేస్ పాఠం చదివినవాళ్లు మొహం చిట్లిస్తారు. ఖాళీకి ఎస్‌క్యూలైట్ తీసుకునే చోటు చాలా తక్కువ. అసలు విషయం వేరే ఉంది. వ్యాయామాలు వందలుంటాయి, రోజూ కొత్తవి వస్తాయి. వాటిని కొలిచే తీర్లు మాత్రం నాలుగైదే. పెరిగేవాటిని రోలుగా, పెరగనివాటిని కాలమ్‌లుగా పెట్టడం న్యాయం.

దీనికి తోడు వ్యాయామాల జాబితాకు వేరే టేబుల్ ఉండాలి. అందులో పేరుతో పాటు రెండు సంగతులు రాయండి. ఈ వ్యాయామానికి ఏ కొలతలు అడగాలి? ఏ దిక్కున మారితే మెరుగైనట్టు? రెండోది చాలామంది మర్చిపోతారు. పరుగులో సమయం తగ్గితే మెరుగు, ప్లాంక్‌లో సమయం పెరిగితే మెరుగు. ఈ చిన్న కాలమ్ లేకపోతే 'మీ బెస్ట్' అని చూపించే కోడ్‌లో వ్యాయామం పేరు చూసి తేల్చే షరతులు కుప్పలు పడతాయి.

సెట్‌లో వ్యాయామం పేరు రాయకండి, నంబరు రాయండి. ఒకరు 'బస్కీలు' అని, ఇంకొకరు 'స్క్వాట్స్' అని, అదే మనిషి ఇంకో రోజు 'స్క్వాట్' అని కొడతారు. పేర్లను జాబితాలో ఒక చోటే ఉంచి, మారుపేర్లకు చిన్న టేబుల్ పెడితే వెతికినప్పుడు అన్నీ ఒకే చోటికి చేరతాయి.

పైన సెషన్ టేబుల్: ఎప్పుడు మొదలు, ఎప్పుడు ముగింపు, ఎక్కడ, ఒక నోట్. దాని కింద సెట్లు. పరుగు సెట్ కింద రౌండ్ల టేబుల్: ఏ సెట్, ఎన్నో రౌండు, ఎంత సమయం. ఇంతే. ఈ నాలుగైదు టేబుళ్లతో కానిస్టేబుల్ కుర్రాడి ఉదయమంతా పడుతుంది, సాయంత్రం జిమ్ కూడా.

ఖాళీకి, సున్నాకు తేడా మాత్రం కచ్చితంగా పాటించండి. ఫౌల్ అయిన జంప్ దూరాన్ని సున్నా అని రాస్తే సగటు కూలిపోతుంది. 4.10, 3.95, ఒక ఫౌల్. సున్నా కలిపితే సగటు 2.68, వదిలేస్తే 4.03. మొదటిది చూస్తే సెలెక్ట్ కాలేమేమోనని ఆ పిల్లాడికి టెన్షన్ పట్టుకుంటుంది. దూరం ఖాళీగా ఉంచి, స్థితి అనే కాలమ్‌లో 'ఫౌల్' అని పెట్టండి. మధ్యలో ఆపేసిన పరుగుకూ ఇదే దారి.

అంకెలు ఏ రూపంలో?

బరువు 7.26 అని దశాంశంతో దాచాలా, 7260 గ్రాములని పూర్ణాంకంగా దాచాలా? పూర్ణాంకమే. కంప్యూటర్ దశాంశాలను రెండు ఆధారంగా దాచుకుంటుంది కాబట్టి 0.1కి 0.2 కలిపితే కచ్చితంగా 0.3 రాదు. ఒక్క సెట్‌లో ఇది కనిపించదు, వందల సెట్ల మొత్తంలోనూ 'ఇది నా పాత రికార్డుకు సమానమా' అని పోల్చేటప్పుడూ బయటపడుతుంది. బరువు గ్రాముల్లో, దూరం మిల్లీమీటర్లలో, సమయం మిల్లీసెకన్లలో దాచి, స్క్రీన్ మీద చూపేటప్పుడు మార్చుకోండి.

జిమ్‌లలో కొన్ని ప్లేట్ల మీద పౌండ్లు రాసి ఉంటాయి. 45 పౌండ్లంటే 20,412 గ్రాములు. గ్రాములు దాయండి, పక్కనే ఏ యూనిట్‌లో కొట్టారో కూడా దాయండి. 45 అని కొట్టినవాళ్లకు మళ్లీ 45 అనే కనిపించాలి.

అడుగుల లెక్క

ఇది తేలికనుకుని దిగేవాళ్లు ఎక్కువ. ఆండ్రాయిడ్ ఫోన్‌లో అడుగుల కౌంటర్ సెన్సర్ 'ఈరోజు ఎన్ని అడుగులు' అని చెప్పదు. ఫోన్ చివరిసారి ఆన్ అయినప్పటి నుంచి మొత్తం ఎన్ని అన్నది చెబుతుంది. బండి మీటరులో కిలోమీటర్లు పెరుగుతూ పోయినట్టే ఇదీ పెరుగుతూ పోతుంది, ఫోన్ రీస్టార్ట్ అయితే మాత్రం సున్నాకు వస్తుంది. మనకు కావాల్సింది రెండు రీడింగుల మధ్య తేడా. పొద్దున 18,200, మధ్యాహ్నం 21,500 అయితే తేడా 3,300. తర్వాత ఛార్జింగ్ అయిపోయి ఫోన్ ఆగి, మళ్లీ ఆన్ చేశాక సాయంత్రం రీడింగ్ 900 వచ్చింది. తేడా తీస్తే మైనస్ 20,600. కొత్త రీడింగ్ పాతదాని కంటే తక్కువైతే రీస్టార్ట్ అయినట్టు లెక్క, కాబట్టి 900నే తేడాగా తీసుకోవాలి. ఇది కుదరాలంటే చివరి రీడింగ్‌ను యాప్ మూసినా పోకుండా డేటాబేస్‌లోనే దాచాలి. ఆండ్రాయిడ్ 10 నుంచి దీనికి వాడేవాళ్ల అనుమతి కూడా అడగాలి.

వచ్చిన తేడాలను ఎలా పేర్చాలి? రోజుకో రో పెడితే ఏడాదికి 365 రోలు, చాలా చిన్నది. కానీ పొద్దున నడిచారా, రాత్రి నడిచారా అన్నది పోతుంది. నిమిషానికో రో అంటే ఏడాదికి 5,25,600. ఎస్‌క్యూలైట్ మోస్తుంది గానీ అంత వివరం ఎవరూ చూడరు. పావుగంటకో రో అంటే రోజుకు 96, ఏడాదికి 35,040. నేను దీన్నే ఎంచుకుంటాను. మొదలు సమయం, ముగింపు సమయం, ఎన్ని అడుగులు, ఎక్కడి నుంచి వచ్చింది: ఈ నాలుగూ ఉంటే చాలు. ఆరోగ్య యాప్‌ల డేటాను ఒక చోట కలిపే గూగుల్ హెల్త్ కనెక్ట్‌లో కూడా అడుగులకు మొదలు, ముగింపు, లెక్క ఉంటాయి కాబట్టి రేపు దానితో కలపాలన్నా సులువు. ఆండ్రాయిడ్ 14 నుంచి అది ఫోన్‌లోనే భాగంగా వస్తోంది.

'ఎక్కడి నుంచి' అన్న కాలమ్‌ను తేలిగ్గా తీసుకోకండి. చేతికి వాచ్, జేబులో ఫోన్ రెండూ ఉంటే ఒకే నడక రెండుసార్లు చేరుతుంది. రెండూ దాయండి, కలపకండి. చూపేటప్పుడు ఒక్కో పావుగంటకు ఒక్కదాన్నే ఎంచుకోండి.

తెల్లవారుజామున ఐదింటి చిక్కు

సమయాన్ని అంతర్జాతీయ సమయంగా (యూటీసీ) ఒక్క అంకెలో దాయడం ఒక దారి, '2025-03-14 05:00' అని ఇక్కడి గడియారం ప్రకారం అక్షరాల్లో దాయడం ఇంకో దారి. మొదటిది వరుస పెట్టడానికి, తేడా తీయడానికి బాగుంటుంది. కానీ మన సమయం అంతర్జాతీయ సమయం కంటే ఐదున్నర గంటలు ముందుంటుంది. నల్లగొండలో తెల్లవారి ఐదింటికి నడక మొదలుపెడితే అక్కడ ఇంకా ముందురోజు రాత్రి పదకొండున్నరే. ఎస్‌క్యూలైట్ తేదీ ఫంక్షన్లు ఏమీ చెప్పకపోతే అంతర్జాతీయ సమయాన్నే పట్టుకుంటాయి. దాంతో బుధవారం పొద్దుటి నడక మంగళవారంలో చేరుతుంది. ఐదున్నర లోపు నడిచేవాళ్లు మన ఊళ్లలో ఎందరో. వాళ్లందరి లెక్కా తప్పుతుంది, టెస్టింగ్ పగటిపూట చేసే డెవలపర్‌కి మాత్రం అంతా సరిగ్గానే కనిపిస్తుంది.

నా సలహా మూడూ దాచమని: అంతర్జాతీయ సమయం, అప్పటి తేడా నిమిషాల్లో (మనకు 330), ఇక్కడి తేదీ. మూడోది మొదటి రెండింటి నుంచి వస్తుంది నిజమే. అయినా రోజువారీ మొత్తాలన్నీ దాని మీదే నడుస్తాయి కాబట్టి ఇండెక్స్ (త్వరగా వెతికే సూచిక) పెట్టి ఉంచుకోవడం లాభం. పాలమూరు నుంచి దుబాయ్ వెళ్లినవాళ్లకు తేడా 240 నిమిషాలు. వాళ్లు సెలవుకు ఇంటికొచ్చాక తెరిచి చూసినా అక్కడి పొద్దుటి నడక పొద్దుటిదిగానే కనిపించాలి. నిద్రను మాత్రం లేచిన రోజు ఖాతాలో వేయండి. రాత్రి ఒంటి గంటకు పడుకున్నా పదింటికి పడుకున్నా ఒకే రోజులో చేరుతుంది.

జీపీఎస్ దారి

సెకనుకో పాయింటు చొప్పున గంటకు 3,600 పాయింట్లు. ఒక్కో పాయింటు ఒక్కో రోనా, దారి మొత్తం ఒకే ముద్దగా ఒక కాలమ్‌లోనా? రెండూ, సమయాన్ని బట్టి. నడుస్తున్నంతసేపు రోలుగా రాయండి, యాప్ మధ్యలో ఆగినా అప్పటిదాకా నడిచింది మిగులుతుంది. ముగించాక ఒకే ముద్దగా (బ్లాబ్) ప్యాక్ చేసి సెషన్‌కి జతచేయండి. దారిని ఎప్పుడూ మొత్తంగానే చూస్తాం, మధ్యలో ఒక్క పాయింటును వెతికే పని సొంత యాప్‌లో ఉండదు.

అక్షాంశ రేఖాంశాలను కోటితో గుణించి పూర్ణాంకాలుగా దాస్తే సెంటీమీటరు దాకా పడుతుంది. ఫోన్ జీపీఎస్ చెప్పేదానికి ఇది చాలా ఎక్కువే. ప్రతి పాయింటుతో పాటు దాని నమ్మకం ఎంతో, అంటే ఎన్ని మీటర్లు అటూఇటూ ఉండొచ్చో, అది కూడా దాయండి. టీ కొట్టు దగ్గర పది నిమిషాలు నిలబడినా జీపీఎస్ పాయింట్లు చుట్టూ గెంతుతూ లేని దూరాన్ని కలుపుతాయి. ఆ అంకె ఉంటే తర్వాత ఎప్పుడైనా వడకట్టుకోవచ్చు. మ్యాప్ మీద గీయడానికి దారి ఆకారానికి అంతగా అవసరం లేని పాయింట్లను వదిలేసే డగ్లస్-ప్యూకర్ పద్ధతితో పాయింట్లు తగ్గించుకోండి, కానీ తగ్గించినదాన్ని మాత్రమే ఉంచుకోకండి. వంపులు పోయి దూరం తగ్గుతుంది.

ఎత్తు సంగతి వేరు. భువనగిరి కోట రాతి గుట్ట ఎక్కేవాళ్లుంటారు. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ శిక్షణ మొదలైంది అక్కడే. అలాంటి చోట జీపీఎస్ చెప్పే ఎత్తు అడ్డదూరం కంటే ఎక్కువగా తప్పుతుంది. ఫోన్‌లో బారోమీటర్ ఉంటే గాలి ఒత్తిడిని బట్టి ఎంత ఎక్కారో బాగా చెబుతుంది. అందుకని ఎత్తు ఏ సెన్సర్ నుంచి వచ్చిందో కూడా రాయాలి.

లెక్కగట్టినవి దాచాలా?

క్యాలరీలు, బెస్ట్ రికార్డు, వరుసగా ఎన్ని రోజులు చేశారు, ఒక్కసారికి ఎత్తగల గరిష్ఠ బరువు. ఇవన్నీ దాచేస్తే స్క్రీన్ త్వరగా తెరుచుకుంటుంది, దాచకపోతే ఎప్పుడూ సరిగ్గా ఉంటాయి. 60 కిలోలతో 8 స్క్వాట్లకు ఎప్లీ సూత్రం ప్రకారం గరిష్ఠం 76 కిలోలు: ఎనిమిదిని ముప్పైతో భాగించి, ఒకటి కలిపి, 60తో గుణించడమే. ఇలాంటివి అప్పటికప్పుడు కట్టుకోవచ్చు.

క్యాలరీలకు, ఊరికే కూర్చున్నప్పటి కంటే ఒళ్లు ఎన్ని రెట్లు శక్తి ఖర్చు చేస్తుందో చెప్పే మెట్ అనే కొలతను మనిషి బరువుతో, గంటలతో గుణిస్తారు. మామూలు వేగంతో నడక 3.5 మెట్ అనుకుంటే 60 కిలోల మనిషికి గంటకు 210 కిలోక్యాలరీలు. ఇందులో బరువు ఏ రోజుది? చాలా యాప్‌లలో బరువు ప్రొఫైల్‌లో ఒక కాలమ్. కొత్త బరువు రాగానే పాతది పోతుంది. బరువు తగ్గడం కోసమే యాప్ వాడేవాళ్లకు ఇంతకంటే నష్టం లేదు. బరువుకు వేరే టేబుల్ పెట్టి తేదీతో సహా ప్రతి కొలతనూ ఉంచండి. ఏ నడకకైనా ఆ రోజుకు ముందున్న చివరి బరువును తీసుకోండి.

యాప్ నెమ్మదిగా అనిపిస్తే రోజువారీ మొత్తాలకు ఒక సారాంశం టేబుల్ పెట్టుకోవచ్చు. దాన్ని పూర్తిగా చెరిపి మళ్లీ కట్టే ఫంక్షన్ ముందే రాసి పెట్టుకోండి. అది లేకుండా సారాంశం టేబుల్ జోలికి పోవద్దు. ఏడు రోజుల సగటుకైతే ఇదీ అక్కర్లేదు. చివరి ఏడు అంకెలు ఒక వరుసలో ఉంచుకుని, కొత్తది మొత్తానికి కలిపి, పాతది తీసేస్తే సరిపోతుంది.

తిండి లెక్క కూడా పెట్టాలనుకుంటే హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో 528 ఆహార పదార్థాలకు పోషక విలువల పట్టికలు వేసింది. జొన్న రొట్టెకు, సర్వపిండికి విదేశీ యాప్‌ల లెక్కలు వెతుక్కునే కంటే అక్కడి జొన్నలు, బియ్యప్పిండి, పల్లీల నుంచి మీరే వంటకం కట్టుకోవడం మేలు. తిన్న రోజు వంటకం ఏ కొలతలతో ఉందో ఆ రోతోనే దాయండి. రేపు సర్వపిండిలో నూనె తగ్గించినంత మాత్రాన నిన్న తిన్నది మారదు.

నంబర్లు, చెరపడం, బ్యాకప్

ఒకటి, రెండు, మూడు అని పెరిగే నంబరు ఒక్క ఫోన్‌కి బాగుంటుంది. రెండో ఫోన్ వచ్చిందంటే రెండిట్లోనూ 501 అనే సెట్ ఉంటుంది, కలిపితే గొడవ. మొదటి నుంచీ యూయూఐడీ (ఏ ఫోన్‌లో తయారైనా మరొకదానితో కలవని పొడవాటి గుర్తింపు నంబరు) వాడితే ఆ బాధ ఉండదు. చోటు కొంచెం ఎక్కువ తీసుకున్నా నేను దానికే వెళ్తాను.

చెరిపేటప్పుడు రోను తీసేయకుండా 'చెరిపిన సమయం' అని గుర్తు పెట్టండి. పొరపాటున చెరిపితే వెనక్కి తేవొచ్చు, ఇంకో ఫోన్‌కి కూడా చెరిపిన సంగతి తెలుస్తుంది. 'నా డేటా మొత్తం తీసేయండి' అంటే మాత్రం నిజంగా తీసేయాలి. అది వాళ్ల హక్కు. సీఎస్‌వీ ఫైల్‌గా (ఎక్సెల్‌లో తెరుచుకునే పట్టిక) బయటికి తీసుకునే బటన్ తప్పకుండా ఉండాలి. టేబుళ్లకు వెర్షన్ నంబరు పెట్టి, పాత వెర్షన్ నుంచి కొత్తదానికి మార్చే దారిని నిజమైన పాత డేటా కాపీ మీద పరీక్షించాకే అప్‌డేట్ వదలండి.

ఎవరికి ఏది?

నడక మాత్రమే చూసుకునే అమ్మానాన్నల కోసం రాస్తుంటే పావుగంట అడుగుల టేబుల్, బరువు టేబుల్, ఇక్కడి తేదీ చాలు. సెషన్లు, సెట్లు వద్దు. ఇంట్లో పెద్దవాళ్లు ఆ మూడింటితోనే ఏళ్లు వాడతారు.

ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకైతే సెషన్, సెట్, వ్యాయామాల జాబితా తీసుకుని, జీపీఎస్ వదిలేయండి. ఉన్న సమయంలో దారి వడకట్టడం మొదలుపెడితే మిగతాదంతా సగంలో ఆగుతుంది. వైవాలో సున్నాకు, ఖాళీకి తేడా ఎందుకు పెట్టారో, తెల్లవారి ఐదింటి నడక ఏ రోజులో పడుతుందో చూపిస్తే డిజైన్ ఆలోచించి చేశారని ఎవరికైనా అర్థమవుతుంది.

కానిస్టేబుల్ కోచింగ్ ఇచ్చే సార్ ఒకరు 'మా దగ్గర అరవై మంది పిల్లలున్నారు, అందరి టైమింగ్స్ నాకు కనపడాలి' అంటే మాత్రం ఇంతవరకు చెప్పినదాంట్లో ఒకటి మారుతుంది. అప్పుడు ఫోన్‌లోని ఎస్‌క్యూలైట్ ఒక్కటే సరిపోదు, పోస్ట్‌గ్రెస్ లాంటి సర్వర్ డేటాబేస్ కావాలి. ప్రతి టేబుల్‌లో ఎవరిదన్న కాలమ్ రావాలి. పిల్లల ఫోన్లలో ఇదే టేబుళ్ల ఆకారం ఉంచి, సిగ్నల్ దొరికినప్పుడు పంపేలా చేయండి. యూయూఐడీలు ముందే ఉంటే ఈ మార్పు పెద్ద పనేం కాదు. సార్‌కు ఈవెంట్ల రికార్డులు మాత్రమే వెళ్లాలి, పిల్లల బరువు, నిద్ర వాళ్లు ఒప్పుకుంటే తప్ప ఫోన్ దాటకూడదు. ఆడపిల్లల విషయంలో ఇది మరీ ముఖ్యం కాబట్టి, దేన్ని పంపాలన్నది యాప్ సెట్టింగ్‌కి వదలకుండా టేబుళ్లను విడదీసే చోటే తేల్చండి: పంపే టేబుళ్లు ఒక వైపు, ఎప్పటికీ పంపనివి ఇంకో వైపు.